బిడ్డలను కాచు హారీతీదేవి

మన కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో బిడ్డకు జ్వరము కాగి, ముఖమునను మేనను ఎఱ్ఱని దద్దు వెడలినప్పుడు ఇంటిలో మొదట వినబడునది వ్యాధి పేరు కాదు. "అమ్మ వచ్చింది" అను మాట. అంతట ద్వారమునకు వేపరెమ్మలు కట్టుదురు. పొయ్యిమీద తాలింపు వేయరు. తల దువ్వుకొనరు. వెలుపలినుండి వచ్చినవారు కాళ్లు కడుగుకొనక గడప దాటరాదు. బిడ్డను వేపాకుల పడకపై పరుండబెట్టి, ఆ బిడ్డతో గూడ మన్ననగా మాటలాడుదురు. ఏలయన ఆ చిన్న మేనిలో అప్పుడు దేవత యున్నదని నమ్మకము. ఈ యాచారమును పరిహసించుటకు మేము కలము పట్టలేదు. ఇందులో శుచి కలదు, రోగికి విశ్రాంతి కలదు, పరులకు ఎడముగా నుండు జాగ్రత్తయు కలదు. కాని యిందులోనే ఒక భయము కూడ దాగియున్నది. ఆ భయము వలన మా యింట జరిగినదానిని, తరువాత ఒక ప్రాచీన దేవత కథ వలన మేము నేర్చుకొనినదానిని మీతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కొన్ని యేండ్ల క్రిందట మాఘమాసమున మా చిన్నవానికి తట్టు సోకెను. అప్పటికి వానికి రెండవయేడు నడచుచుండెను. తొమ్మిదవ నెల నిండగానే వేయింపవలసిన టీకాను, వేసిన రాత్రి జ్వరము వచ్చునేమో యని ఒకసారి, చుట్టములింట పెండ్లి యని మఱియొకసారి వాయిదా వేయుచు వచ్చితిమి. ఆ తప్పు మాది. దద్దు కనబడిన దినమున మా యింటివారు బడినుండి వచ్చి, చూచి, వైద్యుని కడకు పోదమనిరి. మా అత్తగారు అడ్డుపడిరి. "అమ్మవారు ఇంట్ల కూసున్నది బిడ్డా, మందులు పోస్తే కోపిస్తది. మూడొద్దులు ఓర్సుకోండ్రి" అనిరి. అది మొండితనముతో అన్న మాట కాదు. ఆమె చిన్ననాట మశూచి వలన ఇద్దరు తోబుట్టువులను పోగొట్టుకొన్నవారు. భయమును కన్నులార చూచినవారి మాట అది. భారత భాగవతములు చదివిన మేమును ఆ మాటకు ఎదురాడలేదు, మాకును భయమే.

మూడవనాటి రాత్రి బిడ్డ రొమ్ము ఎగిరిపడజొచ్చెను. ప్రక్కటెముకల నడుమ చర్మము లోనికి గుంజుకొనుచుండెను. పాలు పట్టిన మ్రింగడాయెను. అప్పుడు అత్తగారే "ఇగ లెండ్రి" అని వానిని భుజమున వేసికొని ముందు నడచిరి. ఆసుపత్రిలో అది తట్టు వెంట వచ్చిన న్యుమోనియా యని చెప్పిరి. ప్రాణవాయువు పెట్టిరి, మందులిచ్చిరి, ఏ విటమిను మోతాదు పోసిరి. పదునొకండు దినములకు బిడ్డ యిల్లు చేరెను. అక్కడి నర్సమ్మ మమ్ము నిందింపలేదు. "మూడు రోజులు ఏం చేసిన్రమ్మా?" అని మాత్రము అడిగెను. ఆ ప్రశ్నకు మాకు సమాధానము లేకపోయెను. ఆనాటినుండి మా మనస్సున మఱియొక ప్రశ్న నాటుకొన్నది. ఆమె నిజముగా అమ్మయే యైనచో, బిడ్డకు మందు పోసినందుకు ఏల కోపించును?

మఱుసటి యేడు మా యింటివారు తమ బడిపిల్లలను అజంతాకు తీసికొనిపోవుచుండగా మేమును వెంట పోతిమి. అజంతా మనకు పరాయి చోటు కాదు. ఆ గుహలున్న ఔరంగాబాదు జిల్లా 1956 వఱకు మన జిల్లాలతో పాటు హైదరాబాదు రాజ్యములోనిదే. 1819లో ఆంగ్ల సైనికుల కంటబడిన యా గుహలను, 1914లో ఏర్పడిన నిజాము పురావస్తుశాఖ శ్రద్ధతో కాపాడినది. ఆ శాఖకు అధిపతిగా నుండిన గులాం యజ్దానీగారు అందలి చిత్రములను గొప్ప గ్రంథములుగా ప్రకటించిరి. చూడవచ్చినవారందఱు మొదటి గుహలోని పద్మపాణి చిత్రము ముందు చాలసేపు నిలుతురు; రెండవ గుహను త్వరగా చూచి దాటిపోదురు. మేమును అటులే దాటిపోవలసినవారమే. కాని గర్భాలయమునకు ప్రక్కనున్న యొక చిన్న గదిలో మమ్ము నిలిపినది ఒక తల్లి విగ్రహము.

ఆ గదిలో దంపతులు పీఠముపై ఆసీనులై యున్నారు. పురుషుడు పాంచికుడు, యక్షుల సేనాని. ప్రక్కన కూర్చున్న స్త్రీ హారీతి. ఆమె యొడిలో ఒక బిడ్డ. ప్రక్క గోడలమీద పూజాద్రవ్యములు చేతబట్టుకొని వచ్చు స్త్రీలును, వారి వెంట పిల్లలును చిత్రింపబడి యున్నారు. ఆ స్త్రీల నడకను చూచినప్పుడు మాకు శ్రావణమాసమున బోనములెత్తుకొని పోవు మన యూరి ఆడవారే తలపునకు వచ్చిరి. క్రీస్తుశకము అయిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఈ గుహ రూపొందినదని పండితుల మాట.

ఇంకను వింత యేమనగా, ఆ దంపతుల పీఠముమీద ఒక బడి చెక్కబడి యున్నది. ఒక కొసను పంతులు బెత్తము పట్టుకొని కూర్చుండెను. ముందు వరుసలోని పిల్లలు శ్రద్ధగా చదువుచున్నారు. వెనుకకు పోనుపోను చదువు మఱచి ఆటలలో మునిగియున్నారు. మా యింటివారు దానిని చూచి నవ్వి, తమ వెనుక వరుస పిల్లలను పిలిచి చూపిరి. పిల్లలును నవ్విరి. మాకు మాత్రము ఆ పీఠము విడిచి రాబుద్ధి పుట్టలేదు. పై భాగమున ఉగ్రరూపముతో మీదికి వచ్చు స్త్రీ యొకచోట, బుద్ధుని యెదుట శాంతించి వినమ్రయైన స్త్రీ యొకచోట చెక్కబడియున్నది. ఇద్దరును ఈ హారీతియే యని చెప్పిరి. ఆమె కథ యేమో తెలిసికొనవలెనని ఇల్లు చేరిన పిమ్మట పుస్తకములు వెదకితిమి.

ఆ కథ మూలసర్వాస్తివాదులను బౌద్ధశాఖవారి వినయగ్రంథమున కలదు. రాజగృహ నగరమున నొక యక్షిణి యుండెను. ఆమెకు పుట్టినప్పుడు పెట్టిన పేరు అభిరతి. ఆమెకు అయిదువందలమంది కొడుకులు. ఆమె నగరములోని పసిబిడ్డలను ఎత్తుకొనిపోయి భక్షించుచుండెను. బిడ్డలను హరించునది కాబట్టి జనులామెకు హారీతి యని పేరుపెట్టిరి. తల్లులు తాళలేక బుద్ధునితో మొఱపెట్టుకొనిరి. బుద్ధుడు ఆమెపై ఆయుధమెత్తలేదు, శపింపలేదు. ఆమె కొడుకులందఱిలో చిన్నవాడును గారాబుబిడ్డయునైన ప్రియంకరుని తన భిక్షాపాత్రతో మూసి దాచెను.

హారీతి ఇల్లు చేరి బిడ్డను గానక వెఱ్ఱియై పోయెను. నగరమంతయు వెదకెను, దిక్కులన్నియు వెదకెను, యక్షులకు ప్రభువైన వైశ్రవణుని యడిగెను. ఆయన బుద్ధుని కడకు పొమ్మనెను. ఆమె వచ్చి, బిడ్డ కనబడనిచో ప్రాణములు విడుతునని యేడ్చెను. బుద్ధుడు ఆమెను ఒక లెక్క అడిగెను. నీకు బిడ్డలెందఱని. అయిదువందలమందియని ఆమె. అందులో ఒక్కడు కానరానిచో నీకింత దుఃఖము గదా, ఒక్క బిడ్డయే కలవారి బిడ్డను నీవు తిన్నప్పుడు వారి దుఃఖ మెంతయని ఆయన. హారీతి తల వంచెను. ఇక నెవరి బిడ్డను ముట్టనని మాట యిచ్చెను. అప్పుడే ప్రియంకరుడు ఆమె ఒడికి తిరిగి వచ్చెను.

ఇంతటితో కథ ముగిసిన యెడల అది యొక నీతికథ మాత్రమే. కాని హారీతి అప్పుడొక మాట యడిగెను: ఇకమీదట మేమేమి తిని బ్రదుకవలెను? తల్లి యడుగదగిన ప్రశ్న అది. బుద్ధుడు దానికి కోపింపలేదు. భిక్షువులు భుజించు ప్రతి దినమున ఆమెకును ఆమె బిడ్డలకును వంతు తీసిపెట్టి, కడుపునిండ పెట్టునట్లు ఏర్పాటు చేసెను. దానికి బదులుగా ఆమె విహారములను, పసిబిడ్డలను కాపాడవలెను. భక్షించినది రక్షించునది యాయెను.

ఈ కథలో ఆ లెక్క అడిగిన చోటికి వచ్చినప్పుడు మేము పుస్తకము మూసివేసితిమి. ఎందుకనగా ఇంతవఱకు మీతో చెప్పని సంగతి యొకటి కలదు. మా యెదురింట నొక యిల్లాలు, పెండ్లియైన తొమ్మిదేండ్లకు కలిగిన ఒక్కగానొక్క కూతురితో నుండెను. ఆ పసిదానికి అప్పుడు ఏడవ నెల. మా వానికి దద్దు వెడలుటకు రెండు దినములు ముందు, వట్టి జలుబు దగ్గులే యనుకొని, ఆమె యింట వానిని ఆడనిచ్చితిమి. మేము ఆసుపత్రినుండి వచ్చుసరికి ఆమె ద్వారమునకును వేపరెమ్మలు కట్టియుండెను. ఆ పసిది బ్రదికినది. కాని చెవులు చీము పట్టి, ఒక చెవికి వినికిడి తగ్గినది. ఆ తల్లి మమ్మొక్క మాటయు అనలేదు. ఇప్పటికిని ఆ పిల్లను పిలుచునప్పుడు ఆమె కుడిప్రక్కకు వచ్చి పిలుచును. అది చూచినప్పుడెల్ల బుద్ధుడు హారీతిని అడిగిన లెక్క మా చెవిలో వినబడుచుండును.

తట్టు స్వభావమును గూర్చి ఇచట రెండు మాటలు చెప్పవలెను. దద్దు వెడలుటకు నాలుగు దినములు ముందునుండియే ఈ వ్యాధి యొకరినుండి యొకరికి అంటుకొనును. రక్షణ లేనివారు దగ్గరనున్నచో పదిమందిలో తొమ్మండుగురికి సోకును. అనగా మనము ద్వారమునకు వేపరెమ్మ కట్టునప్పటికే ఎదురింటికి చేయవలసిన కీడు చేసియుందుము. తొమ్మిది నెలలు నిండని పసివారికి మామూలుగా ఈ టీకా వేయరు. వారిని కాచునది చుట్టునున్న పెద్దపిల్లలు వేయించుకొన్న టీకాయే. నూటికి తొంబదియైదుగురు పిల్లలకు టీకా పడిననే ఆ కాపుదల నిలుచునని వైద్యులు చెప్పుచున్నారు. కాబట్టి మా బిడ్డకు టీకా వేయింపకపోవుట మా యింటి సంగతి యని మేమనుకొన్నది తప్పు. హారీతియు తన బిడ్డల ఆకలిని మాత్రమే చూచినది. ఇతరుల ఒక్కగానొక్క బిడ్డ ఆమె కంటికి కనబడలేదు.

హారీతి కథకు మఱియొక ముందుకథ కలదు. అది స్త్రీలందఱు వినదగినది. పూర్వజన్మమున ఆమె రాజగృహమున నొక గోపాలకుని భార్య. నిండుచూలాలు. మజ్జిగకుండ తలనెత్తుకొని పోవుచుండగా, ఉత్సవమునకు పోవు అయిదువందలమంది ఆమెను నృత్యమాడుటకు పిలిచిరి. ఆమె సంతోషముతో ఆడెను. ఆ యలసటకు గర్భము పోయెను. పిలిచినవారు ఆమెను అచటనే విడిచి ఉత్సవమునకు సాగిపోయిరి. ఆమె మజ్జిగనిచ్చి అయిదువందల మామిడిపండ్లు కొని, దారిన పోవు నొక మహాత్మునికి సమర్పించి, ఈ నగరమున పుట్టి ఇచటి బిడ్డలను తినుదునుగాక యని కోరెను. ఆ కోపము గాలినుండి పుట్టలేదు. చూలాలిని దారిలో వదలిపోయిన ఊరు తన యక్షిణిని తానే కన్నది. మన పల్లెలలో పేరంటాండ్ర గుడులు చూడుడు. అకాలమున కన్నుమూసిన ఆడుబిడ్డలను ఊరు తరువాత దేవతలని కొలుచుచున్నది. బ్రదికియున్ననాడు ఒక ముద్ద, ఒక ఓదార్పు అందినచో ఎంత మేలుగా నుండెడిదో కదా!

హారీతికి వంతు తీయు ఆచారము కథలోనే ఆగిపోలేదు. చీనాదేశపు భిక్షువు ఇత్సింగు 671వ సంవత్సరమున బయలుదేరి మన దేశమునకు వచ్చి, 695లో స్వదేశము చేరెను. విహారముల వాకిటనో, భోజనశాల మూలనో హారీతి రూపముండుననియు, ఆమె చేత ఒక బిడ్డ, మోకాళ్ల చెంత ముగ్గురో అయిదుగురో బిడ్డలు ఉందురనియు, ప్రతిదినము ఆమె యెదుట అన్నము పెట్టుదురనియు ఆయన వ్రాసెను. సంతానము లేనివారును, రోగపీడితులును ఆమెను వేడుకొందురట. బౌద్ధులు రోగనివారణమునకు కొలుచు దేవతలు మఱికొందఱు కలరు. ఆకులు ధరించు పర్ణశబరి అంటురోగములను అణచునది. మహాయానమున భైషజ్యగురువు వైద్యులకు వైద్యుడు. కాని పసిబిడ్డల కాపుదల హారీతిది. నేపాళమున స్వయంభూ చైత్యము చెంత నున్న హారీతి గుడిలో హిందువులును బౌద్ధులును కలిసి పూజింతురు. మశూచి నుండి కాపాడుమని అచటి తల్లులు ఆమెకు తరతరములుగా మ్రొక్కిరి. జపానున ఆమె పేరు కిషిమోజిన్. చేత దానిమ్మపండు పట్టుకొనియుండును.

మన తెలుగు నేలమీదను ఆమెకు గుడి కలదు. కృష్ణాతీరమున ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి, అనగా నేటి నాగార్జునకొండ, మూడు నాలుగు శతాబ్దములలో వెలిగిన పట్టణము. 1926లో ఆ శిథిలములు వెలుగులోనికి వచ్చెను. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరుగగా, లోయ నీట మునుగుటకు ముందు 1954 మొదలు 1960 వఱకు విస్తారముగా త్రవ్వకములు జరిపిరి. అచట జనులు కూర్చుండదగిన మెట్ల రంగస్థలమునకు సమీపమున, ఎత్తున, హారీతి గుడి బయటపడెను. ఆ రంగస్థలమును తరువాత అనుపునకు తరలించి మఱల కట్టిరి. ఆ పట్టణపు శాసనమొకదానిలో జ్వరాలయమను మాట కనబడుచున్నది. జ్వరపీడితులను ఉంచు శాల యని పండితులు దానిని వివరించిరి. అచటి స్తూపవిహారములకు ధనమిచ్చినవారిలో రాజకుటుంబపు శాంతిశ్రీ, ఉపాసిక బోధిశ్రీ మొదలగు స్త్రీలు పెక్కండ్రు. బిడ్డలకై మ్రొక్కు గుడియు, జ్వరమునకు శాలయు ఒకే పట్టణమున నుండెను. ఒకదానివలన మఱియొకటి చెడునని వారు తలపలేదు.

మఱి మన యుత్తర తెలంగాణమున? ఇచట బౌద్ధము క్రొత్త కాదు. పూర్వపు కరీంనగరు జిల్లాలోనిదై, 2016 తరువాత పెద్దపల్లి జిల్లాలో చేరిన ధూళికట్టలో సున్నపురాతి ఫలకములు తాపిన స్తూపము బయల్పడెను. ఆ ఫలకములమీద పలుపడగల ముచులింద నాగరాజు చెక్కబడియున్నాడు. బుద్ధుడు జ్ఞానము పొందిన పిదప వాన కురియగా, ఏడు దినములు చుట్టుకొని పడగ పట్టి కాచినవాడు ఆ నాగరాజు. అటులే ఆదిలాబాదు జిల్లా కేస్లాపురమున ప్రతి యేడు పుష్యామావాస్యనాడు మెస్రం వంశపు గోండులు నాగోబాను కొలుతురు. నిర్మల్ చెంతనున్న అడెల్లి పోచమ్మ నగలను గోదావరికి మోసికొనిపోయి, కడిగి తెచ్చు గంగనీళ్ల జాతరకు వేలమంది కూడుదురు.

పోచమ్మయే హారీతి యని మేము చెప్పుట లేదు. ముచులిందుడే నాగోబా యనియు చెప్పము. ఎవరి దేవత వారిది, ఎవరి కథ వారిది. కాని వీరందఱిలో ఒక పోలిక మా కంటికి తగిలినది. కఱచు పామే పడగ పట్టి కాచినది. బిడ్డలను మ్రింగిన యక్షిణియే బిడ్డల తల్లి యైనది. పోయు పోచమ్మనే మాన్పుమని వేడుచున్నాము. మన పెద్దలు భయమును తరిమివేయలేదు. పీట వేసి కూర్చుండబెట్టి, అన్నము పెట్టి, చుట్టరికము కలుపుకొనిరి. అందులో గొప్ప వివేకము కలదు. ఐనను చుట్టరికము కలుపుకొన్న పిమ్మట ఇంకను ఆమెను చూచి వణకుట యేల? మాట యిచ్చి కాపరియైన తల్లి, బిడ్డకు మందు పట్టిన చేతిని విఱుచునా?

ఇచట బుద్ధుని చరిత్రములోని మఱియొక ఘట్టము చెప్పవలెను. ఒక భిక్షువు అతిసారముతో తన మలమూత్రములలో పడియుండగా తోటివారెవరును పట్టించుకొనలేదు. బుద్ధుడు ఆనందునితో వచ్చి, స్వయముగా నీళ్లతో కడిగి, పడకపై చేర్చెను. రోగికి చేయు సేవ తనకు చేసిన సేవయేయని భిక్షువులకు చెప్పెను. మంత్రము చదివి పొమ్మనలేదు, నీళ్లు తెమ్మనెను.

మశూచి చరిత్రయు ఈ మాటనే చెప్పుచున్నది. 1796లో జెన్నరు కనుగొన్న టీకా ఊరూర వేయబడగా, మన దేశమున 1975 మే మాసము తరువాత మశూచి కనబడలేదు. 1980 మే 8న ప్రపంచమున మశూచి లేదని ప్రపంచారోగ్యసభ ప్రకటించెను. మశూచి పోయినది, పోచమ్మ పోలేదు. ఆమె గుడిలో దీపము ఆఱలేదు, బోనము ఆగలేదు. టీకా వేయించుకొన్నందుకు ఆమె ఏ యూరిపైనను అలుగలేదు. మా అత్తగారితో మేము మొదట చెప్పగలిగిన మాట యిదియే. ఆమె చాలసేపు మాటాడక, "మా చెల్లెండ్లకు గా సూది అందలే" అని కన్నులు తుడుచుకొనిరి.

కాబట్టి సోదరీమణులారా, వేపరెమ్మను కట్టుడు, ఇల్లు శుభ్రముగా నుంచుడు, మ్రొక్కుకొనుడు. కాని దద్దుతో జ్వరము వచ్చిన దినముననే బిడ్డను ఆరోగ్యకేంద్రమున చూపింపుడు. ఊపిరి వడిగా ఆడినను, రొమ్ము క్రింద గుంజుకొన్నను, బిడ్డ త్రాగలేకపోయినను, మగతగా పడియున్నను, చెవినుండి చీము కారినను, గడియ యైనను ఆగవలదు. చనుబాలు మాన్పింపవలదు, పథ్యమని పస్తుంచవలదు. తట్టు వచ్చిన బిడ్డకు వైద్యులు ఏ విటమిను ఇత్తురు. అది కంటిని, ప్రాణమును కాపాడును. తట్టును, రుబెల్లాను వారించు టీకా మొదటి మోతాదు తొమ్మిదవ నెల నిండగానే, రెండవది పదునాఱు మొదలు ఇరువదినాలుగు నెలల నడుమ. వేసిన రాత్రి కొంచెము జ్వరము వచ్చినను భయపడవలదు. మేము భయపడి పొందినదేమో చెప్పియే యున్నాము.

హారీతికి తీసిన వంతును కూడ మఱువవలదు. కోపించిన తల్లి శాంతించినది ఉపదేశముతో మాత్రమే కాదు. దినదినము అందిన అన్నముతో. 1975 అక్టోబరు 2న దేశమున మొదలైన అంగన్‌వాడీలును, తెలంగాణమున 2015 జనవరి 1న ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి భోజనమును ఆ వంతు వంటివే. చూలాలికి, బాలింతకు అచట అన్నము, పాలు, గ్రుడ్డు అందించుట వానిలోని ముఖ్య ఉద్దేశము. సిగ్గుచేతనో, పెద్దలు ఒప్పరనియో అచటికి పోలేని కోడండ్రు మన వీథిలోనే ఉందురు. వారిని చేయిపట్టి తీసికొనిపోవుట మన వంతు.

క్రిందటి శ్రావణమున మా అత్తగారు ఎప్పటివలెనే పసుపు పూసిన కుండకు వేపరెమ్మలు కట్టి, దీపము పెట్టి, బోనమెత్తిరి. గుడినుండి వచ్చి కాళ్లు కడుగుకొని, కుండలోని యన్నము మొదటి ముద్దను ఎదురింటి పిల్లకు పెట్టిరి. తరువాత మా వీథి చివరి యింట తొమ్మిది నెలలు నిండిన పసివాడొకడు ఉన్నాడని గుర్తు చేసికొని, ఆ తల్లి వెనుకాడుచుండగా, "అమ్మ ఏమనది బిడ్డా, నేను చెప్తున్న గద" యని తామే చంకన వేసికొని సూది వేయింప పోయిరి. మేము వెనుక గొడుగు పట్టుకొని నడచితిమి.

అందఱి బిడ్డలను చల్లగా చూచు తల్లి మన యింటి బిడ్డలను, ఎదురింటి బిడ్డలను ఒకే రీతిని కాచుగాక!